నీళ్ళలో నిలబడ్డ అడవికి, ఇద్దరు పిల్లలతో

పాల్మాకుల

సముద్రం పక్కన అడవి ఉంటుందనీ, ఆ అడవి రోజుకు రెండుసార్లు నీళ్ళలో మునిగి తేలుతుందనీ చెబితే మా పాల్మాకులలో ఎవరూ నమ్మలేదు. పోయి చూసేదాకా నేనూ నమ్మలేదు. నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని, రాయడం నాకు పెద్దగా రాదు. కానీ ఒకసారి కళ్ళతో చూసింది, చెవులతో విన్నది మరిచిపోను. అటు పోనివాళ్ళకు, అందులోనూ పిల్లల్ని వెంటబెట్టుకుని పోదామనుకునేవాళ్ళకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ఎవరెవరం పోయామో ముందు చెప్పాలి. నా బిడ్డ సుగుణ కామెర్లతో పోయి అప్పటికి మూడేళ్ళు. ఆమె పిల్లలిద్దరూ అప్పటి నుంచి నా దగ్గరే పెరిగారు. శ్రావణికి ఎనిమిదేళ్ళు, చింటూకి ఆరు. అల్లుడు శ్రీశైలం విమానాశ్రయంలో సామాన్లెక్కించే పని చేస్తాడు, శంషాబాద్‌లో కిరాయికి ఉంటాడు. ఆ ఏడు మాఘమాసంలో మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. వద్దని నేను అనలేదు, వయసులో ఉన్న మనిషి. పిల్ల పేరు సత్యవతి. కాకినాడ దిక్కు, కోరంగి దగ్గర చిన్న పల్లె. విమానాశ్రయం వచ్చాక మా చుట్టూ లేచిన హోటళ్ళలో ఒకదాని వంటింట్లో పనికని ఇంత దూరం వచ్చింది.

ఎండాకాలం సెలవులు మొదలైన రోజు అల్లుడు వచ్చి మంచం అంచున కూర్చున్నాడు.

"అత్తమ్మా, సత్యవతి నెల రోజులు వాళ్ళమ్మ ఇంటికి పోతున్నది. పిల్లల్ని గూడ తోల్కపోతనంటున్నది. నువ్వు గూడ పో, ఓ ఐదు రోజులుండి రా."

"తర్వాత?"

"తర్వాతేముంది. పిల్లలు ఆమె దగ్గర ఉంటమంటే ఉంటరు, బడి తెరిచినంక మా ఇంటికే వస్తరు. వద్దంటే నీతోనే వాపసొస్తరు. నేనైతే జబర్దస్తీ చెయ్య. శ్రావణి ఏమంటే అది."

చింటూ బిస్కెట్ ఇస్తే ఎవరి వెంటైనా పోతాడు. కానీ శ్రావణి అట్లా కాదు. సత్యవతి తెచ్చిన గౌను ఇంకా మడత విప్పలేదు. ఏ మాటకామాట చెప్పాలి, అది చూసి నా మనసుకు కొంచెం నెమ్మదిగా ఉండేది. బయల్దేరే రోజు దానికి జడ వేస్తూ, "నన్నొక్కదాన్నే ఇడిసిపెడ్తవా బిడ్డా?" అని అడిగాను కూడా. జడ బిగించి వేశానేమో, పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

బర్రెను పక్కింటి ఖాజాబీకి అప్పగించాను. ఆమె పిల్లలిద్దరి చేతులకూ పచ్చగుడ్డలో రూపాయి బిళ్ల చుట్టి కట్టింది. ప్రయాణం పోయేవాళ్ళకు వాళ్ళలో అట్లా కడతారు. "జర భద్రం అక్కా, సముద్రం మన చెరువు లెక్క గాదు" అన్నది. ఆ మాట అప్పుడు ఒక చెవితో విన్నాను.

రైలు

రైల్లో మా ఎదురుగా సామర్లకోట పోయే ఒక పెద్దావిడ కూర్చుంది. నేను సర్వపిండి విప్పితే వంగి చూసింది. "ఏంటండీ ఇది, గారెని రోడ్డు రోలరు తొక్కినట్టుంది?" అంది. తిన్నాక మాత్రం ఇంకో ముక్క అడిగింది. బదులుగా ఆమె పెట్టిన పులిహోరలో ఇంగువ వాసన చేతికి మర్నాటిదాకా ఉంది.

"ఈ అమ్మాయి మీ కూతురా అండీ?" అని సత్యవతిని చూపించి నన్నడిగింది.

నేను నోరు తెరిచేలోగా సత్యవతే, "అవునండి" అంది.

మా దిక్కు ఆచారం ప్రకారం అది తప్పేమీ కాదు. రెండోసారి వచ్చిన పిల్ల పోయిన పిల్ల తల్లిగారింటికి బిడ్డ అవుతుంది, పండుగకు చీర కూడా పెడతారు. అయినా నేను కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాను. ఆ పెట్టెలో నా బిడ్డ పేరు తెలిసినవాళ్ళు నలుగురమే ఉన్నాం. నలుగురిలో ఒక్కరమూ ఆ పేరు ఎత్తలేదు.

కాకినాడ

రైలు దిగీ దిగగానే చెమట. మా దగ్గర ఎండ మాడుస్తుంది, అక్కడి ఎండ ఉడకబెడుతుంది. కొబ్బరిబోండం మాత్రం మా శంషాబాద్‌ ధరలో సగం కంటే తక్కువ. నీళ్ళు తాగాక బోండాలవాడు కాయ చీల్చి, ఆ చీలిన పెంకుతోనే లేత కొబ్బరి గీకి ఇచ్చాడు. కాజా గురించి చెప్పనక్కర్లేదు గానీ, పిల్లలకు తెల్ల చొక్కా వేసి పెట్టకండి. కొరికితే లోపలి పాకం చొక్కా మీదికే వస్తుంది.

సాయంత్రం సముద్రం చూపించింది సత్యవతి. చింటూ చాలాసేపు చూసి, "అమ్మమ్మా, గీ చెరువుకు అవతలి కట్ట ఏది?" అని అడిగాడు.

"లేదురా."

"మరి నీళ్ళు ఎట్ల ఆగినయి?"

నాకేం తెలుసు? పిల్లలిద్దరూ సత్యవతి వేళ్ళు పట్టుకుని అలల్లోకి పోయారు. శ్రావణి ఒక్క వేలే పట్టుకుంది. నేను ముగ్గురి చెప్పులకూ కాపలాగా ఇసుకలో కూర్చున్నాను. అంత మంది జనంలో, అంత చప్పుడులో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరనిపించింది. ఊళ్ళో అయితే పాలు పోయడానికి పోతే కుక్క కూడా ఎదురొస్తుంది.

సూరమ్మ ఇల్లు

సత్యవతి తల్లి సూరమ్మ. ఎండుచేపలు అమ్ముతుంది. కంట్లో పొర వచ్చింది, ఆపరేషన్ చేయించాలనే సత్యవతి నెల రోజులు ఉంటున్నది. తాటాకు పాక, ముందర శుభ్రంగా అలికిన అరుగు. మూడు పూటలా అన్నమే వాళ్ళకు. జొన్నరొట్టె అడిగితే, "ఒంట్లో బాలేదా వదినగారూ?" అంది సూరమ్మ. అక్కడ సుస్తీ చేస్తేనే రొట్టె తింటారట. పీతల పులుసు పెట్టింది. డెక్క ఎట్లా విరవాలో తెలియక నేను కొరికితే పన్ను కదిలింది. శ్రావణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

మర్యాదలో వాళ్ళకు వంక పెట్టలేం. మీరు, తమరు, అండీ, ఆయ్. సత్యవతి నన్ను "పిన్నిగారూ" అంటుంది. పొద్దున్న లేస్తే "నిద్ర పట్టిందాండీ", కూర్చుంటే "నడుం వాల్చండి". మా ఇళ్ళల్లో అంత మర్యాద చుట్టాలకే చేస్తాం, అదీ తొందరగా పోవాలనుకునే చుట్టాలకు. బిడ్డ అయితే "ఓ అవ్వా, లే, పొద్దెక్కింది" అంటుంది. ఆ "గారు" విన్నప్పుడల్లా ఎవరో నా కింద పీట జరిపినట్టుండేది.

ఆ పల్లెలో ఆకాశంలో విమానం చప్పుడైతే పిల్లలంతా బయటికి ఉరుకుతారు. చింటూ కదలకుండా కూర్చుని, "గిదేంది, ఇంత చిన్నగున్నది? మా ఇంటి మీదికెళ్ళి పోతే దాని పొట్ట కనబడ్తది" అన్నాడు.

"ఎక్కావేంటి ఎప్పుడైనా?" అన్నాడు పక్కింటి పిల్లవాడు.

"ఎక్కలే."

"మేం పడవ ఎక్కుతాం రోజూ. పొట్ట చూట్టం గొప్పేంటి?"

చింటూ నా దిక్కు చూశాడు. నేనేం చెబుతాను, నేనూ పొట్టలు చూసినదాన్నే.

మడ అడవి

మూడో రోజు పొద్దున్నే అడవికి పోయాం. పిల్లలతో పోయేవాళ్ళకు నా మాట: ఎండెక్కక ముందే పోండి, నీళ్ళ సీసా మరవకండి, చేతిలో తినేవి ఉంచకండి, కోతులు మనిషిని అడగవు.

అడవి లోపలికి నడవడానికి చెక్కలతో దారి వేశారు. కింద బురద, రెండు పక్కలా చెట్లు. మా దిక్కు చెట్టు వేరు నీళ్ళ కోసం కిందికి పోతుంది. అక్కడి వేళ్ళు గాలి కోసం పైకి వస్తాయి. బురద నిండా మేకులు తలకిందులుగా నాటినట్టు ఉంటాయి. వాటి మధ్య చేపలు గెంతుతుంటాయి. అవును, చేపలే! నీళ్ళు లేకుండా బురద మీద కప్పల్లాగా గెంతుతాయి. చింటూ ప్రతి చేపనూ లెక్కపెట్టడం మొదలుపెట్టి ముప్పై దగ్గర తప్పి మళ్ళీ ఒకటి నుంచి ఎత్తుకున్నాడు.

ఎర్రపీతలు మరీ వింత. ఒక డెక్క చిన్నది, ఇంకొకటి ఒంటి కంటే పెద్దది. అడుగుల చప్పుడు వింటే బొరియలోకి దూరిపోతాయి. శ్రావణి దారి మీద బోర్లా పడుకుని చూస్తుంటే సత్యవతి వచ్చి దాని పక్కనే పడుకుంది.

"ఊపిరి కూడా మెల్లగా తీయి. మనం ఇక్కడ లేం అనుకుంటే వచ్చేత్తాయి" అంది.

ఇద్దరూ అట్లా ఎంతసేపు ఉన్నారో. నేనూ చింటూ చాలా ముందుకు పోయి వెనక్కి తిరిగి చూస్తే రెండు వీపులు, రెండు జడలు పక్కపక్కన. పిలుద్దామని నోటిదాకా వచ్చింది. పిలిస్తే పీతలు పోతాయి కదా అని ఊరుకున్నాను.

తర్వాత ఇంజను పడవ. పడవ నడిపే ముసలాయన పిల్లలకు నీటికుక్కలను చూపించాడు. తల మాత్రం పైకి పెట్టి ఈదుతూ, మమ్మల్ని చూసి పళ్ళికిలించి మునిగాయి. అప్పుడు మా రాష్ట్రం కొట్లాట జోరుగా ఉన్న రోజులు. నా మాట వినగానే ఆయన, "అయితే విడిపోతారంటగా మీరు?" అన్నాడు.

"ముందుగాల మమ్మల్ని ఒడ్డుకు చేర్చు బాపూ. నడినీళ్ళల్ల గీ ముచ్చటెందుకు?" అన్నాను. పడవంతా నవ్వింది. ఒక కొమ్మ చెయ్యికి తగులుతుంటే తెంపబోయాను. "అమ్మో, తిల్లచెట్టండి. పాలు కంట్లో పడితే కళ్ళు పోతాయి" అని ఆయన అరిచాడు. ఆ నీళ్ళలో నాకు తెలిసింది ఒక్కటీ లేదని అప్పుడే తెలుసుకోవాల్సింది.

పాయ ఒడ్డు

మధ్యాహ్నం సూరమ్మ పల్లెకు తిరిగి వచ్చి, ఊరి బయట పాయ ఒడ్డున చెట్టు నీడలో దిగాం. సత్యవతి ఇంటికి పోయి అన్నం క్యారియర్ తెస్తానంది. పోతూ పోతూ, "గట్టు మీదే ఉండండి పిన్నిగారూ. కిందికి దిగకండి" అంది.

నా మనవలు, నా కళ్ళముందు. నాకు చెప్పడమేమిటి అనిపించింది. పాయలో నీళ్ళు ఎక్కడో నడుమ ఉన్నాయి. ఇటంతా నున్నటి బురద, ఆరీ ఆరనట్టు. మా ఊళ్ళో ఎండాకాలం చెరువు ఎండితే పిల్లలూ పెద్దలూ అందులోకి దిగి చేపలు తవ్వుతారు. ఒకసారి పోయిన నీళ్ళు మళ్ళీ వానకే వస్తాయి. చిన్నప్పటి నుంచి నాకు తెలిసిన నీళ్ళు అవే.

"అమ్మమ్మా, అగో ఎర్రపీత. దగ్గరికి పోదమా?" అంది శ్రావణి.

"పా. నేనున్న కద."

చింటూను గట్టు మీద కూర్చోబెట్టి ఇద్దరం దిగాం. పది అడుగులు బాగానే ఉంది. పదకొండో అడుగుకు శ్రావణి మోకాళ్ళదాకా దిగిపోయింది. మా నల్లరేగడిలో కాలు దిగితే చెయ్యి పట్టి ఒక్క గుంజు గుంజుతాం, వచ్చేస్తుంది. అట్లాగే గుంజాను. నా కాళ్ళు దిగాయి. ఇంకా గుంజాను. దాని తొడలదాకా వచ్చింది బురద. అప్పుడు చూశాను, నడుమ ఉన్న నీళ్ళు మా వైపు పాకుతూ వస్తున్నాయి. మబ్బు లేదు, చినుకు లేదు, నీళ్ళు పెరుగుతున్నాయి! నా బుర్రకు తోచింది ఒక్కటే. గొంతు చించుకుని అరిచాను:

"ఎవల్రా తూము ఎత్తింది? దించుండ్రి! పిల్లలున్నరు, దించుండ్రి!"

సముద్రపు పోటు అది. దాన్ని దించడానికి తూమూ లేదు, తూము కాసే నీరటికాడూ లేడు.

చింటూ ఏడుపు విని సత్యవతి పరుగెత్తుకొచ్చింది. క్యారియర్ గట్టు మీద పారేసి, బోర్లా పడుకుని బురద మీద పాకుతూ వచ్చింది.

"చెయ్యి వదులు! వదులు చెయ్యి, నువ్వు లాగితే అది ఇంకా దిగిపోద్ది!"

అన్ని రోజులు మీరు అన్న మనిషి నన్ను నువ్వు అన్నది. నేను వదల్లేదు. ఎట్లా వదులుతాను? శ్రావణి నా మొహం చూస్తున్నది.

"శ్రావణీ, నా మాట ఇను. నిలబడకు. వెనక్కి కూర్చో, మంచం మీద కూర్చున్నట్టు కూర్చో" అంది సత్యవతి.

పిల్ల నన్నే చూస్తున్నది. నేను చెబితే గాని కూర్చోదని అర్థమైంది. నీళ్ళు నా మోకాళ్ళ వెనక చల్లగా తగిలాయి. "కూసో బిడ్డా, ఆమె చెప్పినట్టు చెయ్యి" అని వేళ్ళు విప్పాను.

శ్రావణి వెనక్కి కూర్చుని, అట్లాగే వాలింది. సత్యవతి దాని చంకల కింద చేతులు పెట్టి, ఒక్కో కాలు కదిలించమని చెబుతూ, పడవను లాగినట్టు మెల్లగా లాగింది. గట్టెక్కించి, మళ్ళీ వచ్చి నన్నూ అట్లాగే లాగింది. నా బరువు ఎక్కువ, చాలాసేపు పట్టింది. పోయినవి రెండు జతల చెప్పులు, అంతే. బురదలో ఉన్నంతసేపూ ఆమె నన్ను తిట్టింది, "బుద్ధుందా నీకు, చెబితే ఇనవా" అని. గట్టెక్కాక మొహం తుడుచుకుని, "దెబ్బలేం తగల్లేదు కదాండీ?" అంది. తిట్లే నయమనిపించింది.

సాయంత్రానికి పల్లెంతా ఈ కథ తెలిసిపోయింది. సూరమ్మ కంట నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నీళ్ళు తోడే ఆడవాళ్ళు నన్ను చూసి, "తూము దించారాండీ?" అని అడగడం మొదలుపెట్టారు. నేనూ నవ్వాను. ఏం చేస్తాం?

కాళ్ళు కడుగుతున్నప్పుడు

ఆ సాయంత్రమే పెరట్లో శ్రావణి కాళ్ళకు ఎండిన బురద నీళ్ళు పోసి తోముతున్నాను. మెల్లగా అంది, "అమ్మమ్మా, నేను నీతోనే వస్త."

అన్ని రోజులుగా నేను కాచుకున్న మాట. గుండె ఎగిరింది, దాచడమెందుకు.

"ఎందుకు బిడ్డా? ఆమె ఏమన్న అన్నదా?"

"ఏమనలే."

"మరి?"

"చింటూగాడు ఇక్కడనే ఉంటడంట. నేను గూడ ఉంటే నువ్వొక్కదానివే అయితవ్ కద. నువ్వే అన్నవ్, జడేస్తున్నప్పుడు."

చెంబు కింద పెట్టాను.

"నీకు ఇక్కడ ఉండాలని ఉందా?"

తల వంచుకుని కాలి బొటనవేలుతో నేల గీసింది. "దారం కట్టి పీతను పట్టుడు నేర్పిస్తనన్నది ఆమె. ఈత గూడ." కాలు మళ్ళీ నా ముందు పెట్టి, "నీకు చెప్తే ఏడుస్తవని చెప్పలే" అంది.

ఎనిమిదేళ్ళ పిల్ల. ఇన్ని రోజులు గౌను మడత విప్పనిది, ఒక్క వేలే పట్టుకున్నది, అంతా నా కోసం. నేను అడిగిన ఒక్క మాటను అది అంత దూరం మోసుకొచ్చింది. మళ్ళీ చెంబుతో నీళ్ళు పోశాను, మొహం దాని కాళ్ళ మీదికి వంచుకుని.

"నేనెందుకు ఏడుస్తనే? ఇంటికి పోతే నాకు తలగోక్కునే తీరిక ఉండది. బర్రె ఈనే దినాలు దగ్గరకొచ్చినయి. అసొంటప్పుడు మీరిద్దరుంటే నాకు పరేషాన్. మీరిక్కడనే ఉండుండ్రి. బడి తెరిచినంక నాయన దగ్గరికి పోండ్రి. నేను ఐతారం ఐతారం వస్త."

బర్రె ఈని అప్పటికి రెండు నెలలు. దూడకు పేరు పెట్టింది శ్రావణే. అది నా దిక్కు చూసింది.

"సరే" అంది.

సత్యవతికి చెప్పాల్సినవన్నీ చెప్పాను. చింటూకు పాలల్లో చక్కెర ఎక్కువ వేయొద్దని, శ్రావణికి ఉరుములంటే భయమని, చెప్పుకోదు గాని దుప్పటి తల మీదికి లాక్కుంటే అదేనని, జడ వదులుగా వేయమని. ఆమె ప్రతి మాటా వెనకాల మెల్లగా అనుకుంది, మరిచిపోకుండా.

తిరుగు రైలు

కాకినాడ స్టేషన్‌కు ముగ్గురూ వచ్చారు. చింటూ రైలు ఇంజను చూడాలని లాగుతుంటే సత్యవతి వాడి వెనక పోయింది. శ్రావణి కిటికీ దగ్గరే నిలబడింది. కొత్త గౌను వేసుకుంది, చంకల దగ్గర కొంచెం వదులు. రైలు కదిలాక కూడా ఉరకలేదు, ఏడవలేదు. చెయ్యి ఎత్తి అట్లాగే పట్టుకుంది, కనబడినంతసేపు.

సామర్లకోట దాటాక టికెట్ల ఆయన వచ్చాడు. అల్లుడు ముందే నాకూ పిల్లలిద్దరికీ కలిపి ఒకటే టికెట్ తీసి పెట్టాడట. ఆ సంగతి అప్పుడే చూశాను. ఆయన కాగితం చూసి, నా పక్కనున్న ఖాళీని చూసి, "ఒకటి పెద్దది, రెండు హాఫ్‌లు. పిల్లలేరమ్మా?" అన్నాడు.

"రాలేదు సార్."

"ఎక్కడున్నారు? వెనక పెట్టెలో గాని ఎక్కారా? వస్తారా, రారా? సీట్లు వేరేవాళ్ళకు ఇచ్చేస్తాను మరి."

"ఇయ్యుండ్రి సార్. వాళ్ళు రారు. వాళ్ళమ్మ దగ్గరున్నరు."

ఆయన కాగితం మీద పెన్నుతో రెండు గీతలు కొట్టి ముందుకు పోయాడు.